పేదవానికి ఆరోగ్యబీమా: ఫలితములు, పరిమితులు

పేదకుటుంబమునకు రోగము రెండు విధముల శత్రువు. దేహమును పీడించుట యొకటి; ఇంటిని గుల్లచేయుట రెండవది. నెలజీతము గల ఉద్యోగి మంచమెక్కినచో సెలవు పెట్టుకొనును. కూలివాడు మంచమెక్కినచో ఆనాటి కూలి పోవును, వైద్యమునకు అప్పు పుట్టవలెను, ఆ అప్పు తీర్చుటకు పాడిగేదెయో, ఆలి మెడలోని బంగారమో, తాతలనాటి అరయెకరమో చేయిదాటిపోవును. అనిరుధ్ కృష్ణ యను పరిశోధకుడు మన ఆంధ్రదేశమునందలి 36 గ్రామములలో ఇంటింటి చరిత్రను విచారించి, ఒకనాడు కుదురుగా బ్రదికిన కుటుంబములు దారిద్ర్యమున పడుటకు గల కారణములను సేకరించినపుడు, వానిలో అనారోగ్యమును, దాని వెంట వచ్చు వైద్యవ్యయమును అగ్రస్థానమున నిలిచినవి. కావున పేదవానికి వైద్యము చేయించుట కేవలము దయాధర్మములకు సంబంధించిన విషయము గాదు. దారిద్ర్యము పుట్టు చోటనే దానిని అడ్డగించు రాజనీతి.

స్వాతంత్ర్యమునకు పూర్వమే, 1946లో, భోర్ కమిటీ తన నివేదికయందు, ధనము చెల్లింపలేడను కారణముచేత ఏ మనుష్యునికిని తగిన వైద్యము అందకుండరాదని సిద్ధాంతీకరించెను. ఆ ఆశయమును సాధించుటకు ప్రభుత్వమునకు రెండు మార్గములు గలవు. తానే ఆసుపత్రులు కట్టి, వైద్యులను నియమించి, ఉచితముగా చికిత్స చేయించుట మొదటిది. చికిత్స ఎచ్చట జరిగినను దాని మూల్యమును పేదవాని పక్షమున తాను చెల్లించుట రెండవది. ఈ రెండవ మార్గమే ప్రభుత్వ ఆరోగ్యబీమా. అమెరికాలో 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకముతో ఏర్పడిన మెడికెయిడ్, థాయిలాండులో 2001లో మొదలైన ముప్పది బాత్‌ల పథకము, మెక్సికోలో 2003లో చట్టమైన సెగురో పాపులర్, మన ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ అను నవన్నియు ఒకే సంకల్పమునకు వివిధరూపములు. వీనిమీద దశాబ్దములుగా జరిగిన పరిశోధన యేమి తేల్చినదో, మనము దానినుండి నేర్వవలసినదేమో సమీక్షించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన పథకముతోనే ప్రారంభింతము. స్వయముగా వైద్యుడైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలమున, 2007 ఏప్రిల్ 1న, మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీ అవతరించెను. 2008 జూలై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతట వ్యాపించెను. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబమునకు సంవత్సరమునకు లక్షన్నర రూపాయలవరకును, అది చాలనియెడల మరి యేబదివేలవరకును, గుండె, మూత్రపిండములు, క్యాన్సరు, కాలినగాయములు మొదలైన పెద్దజబ్బులకు ఉచితచికిత్స యని అది వాగ్దానము చేసెను. పద్ధతి యిట్టిది. గ్రామములో జరిగిన ఆరోగ్యశిబిరమున గుండెకవాటము చెడినదని తెలిసిన రోగి, కార్డు చేతబట్టుకొని పట్టణములో పథకము జాబితాయందున్న నెట్‌వర్క్ ఆసుపత్రికి వచ్చును. లోపల అడుగిడగనే, రోగులకు దారిచూపు పథకోద్యోగి యగు ఆరోగ్యమిత్ర కూర్చున్న బల్ల కనబడును. ఆరోగ్యమిత్ర కార్డు చూచి, పేర్లు సరిచూచి, వివరములు నమోదుచేయును. వైద్యులు పరీక్షలు జరిపి, ఫలానా ప్యాకేజీ క్రింద ఫలానా ఆపరేషను అవసరమని, పథకమును నడపు ట్రస్టునకు కంప్యూటరుద్వారా తెలుపుదురు. ట్రస్టు వైద్యులు పరిశీలించి అనుమతి యిచ్చిన పిమ్మట చికిత్స జరుగును. డిశ్చార్జి నాడు ఆ రోగి బిల్లు కట్టడు; పదిదినముల మందులును, ఇంటికి పోవు దారిఖర్చును పుచ్చుకొని బస్సెక్కును. పెద్దాసుపత్రి మెట్లెక్కుటకు సైతము జంకిన వానికి ఇది చిన్న మార్పు గాదు.

ఐనను ప్రజలు కృతజ్ఞులగుట వేరు, పథకము ఫలించుట వేరు. ఫలితమును నాలుగు ప్రశ్నలుగా విడదీసి చూడవలెను: బీమా పేదవాని డబ్బును కాపాడినదా? వైద్యమును అతనికి చేరువ చేసినదా? ఆయువును, ఆరోగ్యమును పెంచినదా? ఆసుపత్రుల నడవడిని, ఖజానా గతిని ఎట్లు మార్చినది?

మొదటి ప్రశ్నకు అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రము మిక్కిలి స్పష్టమైన సమాధానము నిచ్చినది. 2008లో ఆ రాష్ట్రము పేదలకొరకు మెడికెయిడ్ ద్వారములను తిరిగి తెరువ నుద్దేశించెను. కాని నిధులు పదివేలమందికే చాలును, పేరు వ్రాయించుకొన్నవారో సుమారు తొంబదివేలు. న్యాయముగా పంచుటకు వేరు దారి తోచక ప్రభుత్వము లాటరీ వేసెను. చీటీ వచ్చినవారికిని, రానివారికిని అదృష్టము తప్ప వేరు భేదము లేదు గనుక, పిమ్మట వారి బ్రదుకులలో కనబడు వ్యత్యాసము బీమావలన కలిగినదే యని చెప్పవచ్చును. ఎమీ ఫింకెల్‌స్టైన్, క్యాథరిన్ బెయికర్ ప్రభృతులు ఈ అవకాశమును విడువక పరిశోధించి, బీమా పొందినవారిలో ఇంటిని ముంచు వైద్యవ్యయము దాదాపు అంతరించెననియు, వైద్యమునకై అప్పుచేయుటయు, ఇతర బిల్లులు ఎగవేయుటయు తగ్గెననియు తేల్చిరి. మెక్సికోలో గ్యారీ కింగ్ బృందము కొన్ని ప్రాంతములను యాదృచ్ఛికముగా ఎన్నుకొని జరిపిన ప్రయోగమునందును పదినెలలలోనే పెద్దఖర్చులు తగ్గినట్లు తేలెను.

మనదేశమున సాక్ష్యము ఇంత నిర్ద్వంద్వముగా లేదు. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అను ముగ్గురు, ఆరోగ్యశ్రీ ముందుగా వచ్చిన జిల్లాలను తరువాత వచ్చిన జిల్లాలతో పోల్చి, తొలి తొమ్మిదినెలలలో ఆసుపత్రిలో చేరినవారి సొంతఖర్చు గణనీయముగా తగ్గెనని కనుగొనిరి. కాని కుటుంబములను కూల్చు మహావ్యయము విషయమున స్పష్టమైన మార్పు వారికి కనబడలేదు, దళిత గిరిజన కుటుంబములకు తక్కినవారికి కలిగినంత మేలు కలుగలేదు. 2008లో కేంద్రము ప్రవేశపెట్టిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన ముప్పదిరూపాయల నమోదురుసుముతో ముప్పదివేల రూపాయల రక్షణ నిచ్చినది. దాని ఫలితమును పరిశీలించినవారికి ఇంటివైద్యవ్యయమున చెప్పుకోదగిన తగ్గుదల గోచరింపలేదు. హేతువు దురూహ్యము గాదు. పరిమితి స్వల్పము, అంతకంటె ముఖ్యముగా, ఆసుపత్రిలో చేరిన దినములకే రక్షణ యుండి, చేరకమునుపు చేయించిన స్కానింగులకును, చేరిన పిదప జీవితాంతము మ్రింగవలసిన మాత్రలకును రక్షణ లేనిచో, పేదవాని జేబు అటునుండియు ఇటునుండియు ఖాళీయగుచునే యుండును.

రెండవ ప్రశ్న వినియోగమును గూర్చినది. 1970 దశకమున అమెరికాలో ర్యాండ్ సంస్థ జరిపిన మహాప్రయోగమునందు, ఖర్చులో అధికభాగమును తామే భరించినవారి వైద్యవ్యయము, పూర్తిగా ఉచితవైద్యము పొందినవారి వ్యయముకంటె సుమారు 30 శాతము తక్కువగా నుండెను. ఓరెగాన్‌లోను డాక్టరును చూచుట, మందులు వాడుట, ఆసుపత్రిలో చేరుట అన్నియు పెరిగినవి. బీమా యున్నచో జనులు చిన్నడాక్టరుతోనే నయము చేసికొని అత్యవసరవిభాగములకు పోవుట మానుదురని పెక్కురు ఆశించిరి గాని, అదియు 40 శాతము పెరిగినది. వైద్యము చవుకయైనపుడు దానిని అన్నిదారులనుండియు జనులు కోరుదురను సత్యమును అంగీకరించియే పథకములను రచింపవలెను. ఈ పెరుగుదల అంతయు దుర్వినియోగమే యని తలచుట మాత్రము పొరపాటు. ఏండ్లతరబడి అణచుకొన్న బాధకు చికిత్స అడుగుట దుర్వినియోగ మెట్లగును?

కార్డు ఇచ్చినంతమాత్రమున అది ఉపయోగపడునని యనుకొనుటయు పొరపాటే. కర్ణాటకములో 2015 మొదలు సుమారు పదకొండువేల కుటుంబములతో అనూప్ మలాని మొదలైనవారు జరిపిన ప్రయోగమున, కార్డును వాడబూనిన పలువురు వాడలేకపోయిరి. మన ఆరోగ్యశ్రీ లెక్కలను పరిశీలించిన శిశిర్ దేబ్‌నాథ్, తరుణ్ జైన్ అనువారు, గ్రామములో తమ కులమువారెవరైన పథకము క్రింద చికిత్స చేయించుకొన్నచో తక్కినవారును ముందుకు వచ్చుచున్నారని నిరూపించిరి. పథకమును గూర్చిన ప్రచారము గోడలమీది రాతలకంటె, చికిత్స పొంది తిరిగివచ్చిన పొరుగువాని నోటిమాటవలననే అధికముగా సాగుచున్నదన్నమాట. కావున అట్టి పొరుగువాడు లేని వాడలో, తండాలో, గూడెములో ఆరోగ్యమిత్ర తానే గడపగడపకు పోవలెను. రాజస్థానములో పాస్కలీన్ ద్యుపా, రాధికా జైన్ జరిపిన పరిశోధన మరింత బాధాకరము: పదియేండ్లలోపు పిల్లలలో, ఉచితబీమా క్రింద ఆసుపత్రికి తీసికొనిపోబడినవారియందు ఆడపిల్లలు మూడవవంతు మాత్రమే. చికిత్స ఉచితమైనను దారిఖర్చు, తల్లిదండ్రుల కూలినష్టము మిగిలియే యున్నవి. ఆ మిగిలినదానిని ఆడపిల్లకై వెచ్చించుటకు ఇల్లు వెనుదీయుచున్నది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, ఆపరేషను తరువాత విశ్రాంతికాలమున రోజునకు 225 రూపాయలు, నెలకు ఐదువేలకు మించకుండ ఇచ్చుటకు ఆరోగ్య ఆసరా యను ఏర్పాటు చేయుట ఈ మర్మమును గ్రహించిన చర్య.

మూడవ ప్రశ్న అన్నిటికంటె బరువైనది: బీమా ప్రాణములను కాపాడునా? ఓరెగాన్ ప్రయోగమున రెండు సంవత్సరములు గడచినను రక్తపోటు, కొలెస్టరాలు, షుగరు అంకెలలో నిశ్చయముగా చెప్పదగిన మెరుగుదల కనబడలేదు. మనోవ్యాకులత మాత్రము సుమారు 30 శాతము తగ్గెను. ఈ ఫలితమును పట్టుకొని, బీమా ఆరోగ్యమునకు నిరర్థకమని వాదించినవారు కలరు. కాని ఆ ప్రయోగములోని జనసంఖ్య మరణములవంటి అరుదైన సంఘటనలను లెక్కించుటకు చాలదు. 2014లో ఒబామాకాలపు చట్టము ప్రకారము మెడికెయిడ్ విస్తరించినపుడు, 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పువలన ఆ విస్తరణ రాష్ట్రముల ఇచ్ఛకు వదలబడుటచేత, కొన్ని రాష్ట్రములు స్వీకరించినవి, టెక్సాస్, ఫ్లోరిడా వంటివి నిరాకరించినవి. సారా మిల్లర్, నార్మన్ జాన్సన్, లారా వెరీ అనువారు లక్షలకొలది జనుల వివరములను మరణపట్టికలతో జోడించి, 55 నుండి 64 ఏండ్ల వయస్సుగల పేదలలో, విస్తరణ తొలి నాలుగేండ్లలోనే సుమారు 19,200 మరణములను నివారించెననియు, నిరాకరించిన రాష్ట్రములలో నివారింపదగియుండియు నివారింపబడని మరణములు సుమారు 15,600 అనియు గణించిరి.

మరియొక సాక్ష్యము అనుకొనకుండ దొరికినది. బీమా లేనందుకు పన్నుజరిమానా కట్టినవారిలో 39 లక్షల కుటుంబములకు, బీమా పొందు మార్గమును తెలుపుచు అమెరికా ఆదాయపుపన్నుశాఖ ఉత్తరములు వ్రాసెను. నిధులు చాలక, యాదృచ్ఛికముగా ఎంచిన కొందరికి వ్రాయలేదు. పోల్చిచూడగా, 45 నుండి 64 ఏండ్ల వయస్సువారిలో 1,648 ఉత్తరములకు ఒక్కటి చొప్పున, రెండేండ్లలో మరణములు తగ్గినవి. ఒక కాగితముముక్క ప్రాణము నిలిపినదనుట అతిశయోక్తివలె తోచవచ్చును; కాని ఆ కాగితము బీమాకు దారిచూపినది, బీమా వైద్యునికడకు దారిచూపినది.

మనకు మిక్కిలి దగ్గరి సాక్ష్యము పొరుగునున్న కర్ణాటకమునుండి లభించినది. ఆరోగ్యశ్రీకి తోబుట్టువని చెప్పదగిన వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో ఉత్తర కర్ణాటకమున మొదలై క్రమముగా దక్షిణమునకు సాగుచుండగా, నీరజ్ సూద్, ఎరాన్ బెండవిడ్ మొదలైనవారు పథకము వచ్చిన ప్రాంతమునకును, ఇంకను రాని ప్రాంతమునకును నడుమనున్న సరిహద్దున అటునిటు గల 572 గ్రామములను ఎన్నుకొనిరి. ఒకే పంట, ఒకే యాస, ఒకే దారిద్ర్యము. తేడా బీమా యొక్కటే. పథకము క్రిందికి వచ్చు జబ్బులతో మరణించినవారు, బీమా లేని పేదకుటుంబములలో 0.90 శాతము కాగా, బీమా గల పేదకుటుంబములలో 0.32 శాతము. ఆసుపత్రిలో వారు సొంతముగా పెట్టు వ్యయమును గణనీయముగా తగ్గినది. థాయిలాండులో ముప్పది బాత్‌ల పథకము పేదప్రాంతముల ప్రభుత్వాసుపత్రులకు జనసంఖ్యనుబట్టి నిధులు మళ్లించినపుడు, అచ్చట శిశుమరణములు తగ్గినవని జొనాథన్ గ్రూబర్ ప్రభృతులు కనుగొనిరి.

పైకి విరుద్ధములుగా కనబడు ఈ ఫలితములను సమన్వయించుట కష్టము గాదు. చికిత్స లేనిచో చంపునది, చికిత్స యున్నచో మరలునది యైన జబ్బు ఉన్నచోట, ఆ చికిత్స చేయగల ఆసుపత్రి అందుబాటున నున్నచోట, బీమా ప్రాణములను నిలుపును. చెడిన గుండెకవాటము, తొలిదశలోని క్యాన్సరు, ప్రసవవేళ శిశువునకు కలుగు ఆపద ఇట్టివి. ఏండ్లతరబడి మందు, ఆహారనియమము, వైద్యుని కనిపెట్టుకొని యుండుట అవసరమైన షుగరు, బి.పి. వంటి జబ్బులలో కార్డు ఒక్కటే చాలదు. ఊరిదగ్గరి ప్రాథమికకేంద్రమున వైద్యుడుండవలెను, మందు అందవలెను, మానినపుడు మందలించువారుండవలెను.

నాలుగవ ప్రశ్న ఆసుపత్రులది. ఆరోగ్యశ్రీ నిధులలో అధికభాగము ప్రైవేటు ఆసుపత్రులకు చేరినది. ఆ సొమ్ములో కొంతైనను జిల్లా ఆసుపత్రులలో ఆపరేషన్ గదులు కట్టుటకు వెచ్చించియుండిన, ప్రజలకు శాశ్వతమైన ఆస్తి మిగిలియుండెడిది. ప్రభుత్వము ఆపరేషనుకు ఇంత యని చెల్లించునపుడు, అవసరము లేని ఆపరేషనుకును ఆశ పుట్టును. తెలుగుపల్లెలలో చిన్నవయసు స్త్రీలకు గర్భసంచి తొలగించుట ఇందుకు విషాదోదాహరణము. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 శాతము. ఈ దురాచారము బీమాకు ముందునుండియు ఉన్నదే, చేతిడబ్బుతో జరుగునదే యధికము. కాని బీమాసొమ్ము దానికి తోడగునను భయముచేతనే, ప్రభుత్వము ఆ శస్త్రచికిత్సను పథకము క్రింద ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేయవలసివచ్చెను. రాజస్థానములో, ఉచితము కావలసిన చికిత్సకు సైతము ఆసుపత్రులు రోగులకడ అక్రమముగా వసూలుచేయుట రాధికా జైన్ పరిశోధనయందు బయటపడెను. ఆయుష్మాన్ భారత్‌ను తనిఖీచేసిన ప్రభుత్వ లెక్కల పరిశీలనసంస్థ కాగ్, 2023లో, సుమారు ఏడున్నర లక్షల లబ్ధిదారుల పేర్లు ఒకే మొబైల్ నంబరుకు జోడింపబడినవని లోకమునకు వెల్లడించెను. ఆవలివైపు, ప్రభుత్వములు బకాయిలు పెట్టుటయు, నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయుదుమని నోటీసు లిచ్చుటయు రెండు తెలుగురాష్ట్రములలోను మాటిమాటికి జరుగుచున్నది. ఆ తగవున నలుగునది స్ట్రెచరుమీది రోగి.

ఉచితబీమా జనులను సోమరులను చేయునను ఆక్షేపణను గూర్చి ఒకమాట చెప్పవలెను. ఓరెగాన్‌లో బీమావలన పనిచేయువారి సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు. 2018లో ఆర్కాన్సా రాష్ట్రము, పనిచేయుచున్నట్లు ఋజువు చూపనిచో మెడికెయిడ్ లేదని నిబంధన పెట్టగా, కొలదినెలలలో సుమారు 18,000 మంది బీమా కోల్పోయిరి. ఉద్యోగములు మాత్రము పెరుగలేదు. కాగితములు సమర్పింపలేనివాడు పోయినాడు గాని, పనిదొంగ దొరకలేదు.

ఈ సమీక్షయంతయు ఒక తీర్పునకు దారితీయుచున్నది. బీమా పేదవాని ఇంటిని కాపాడును, వైద్యమును చేరువచేయును, తగిన జబ్బులలో ప్రాణమును నిలుపును. కావున అది కావలయునా యను ప్రశ్నకు కాలము చెల్లినది. మిగిలినది, దేనిని విస్తరింపవలెనను ప్రశ్న. మన నాయకులు విస్తరణ యనగా పరిమితిని పెంచుటయే యని భావించినట్లున్నది: రెండు లక్షలతో మొదలైనది, 2023 డిసెంబరులో తెలంగాణమున పది లక్షలకును, ఆంధ్రప్రదేశమున ఇరువదియైదు లక్షలకును పోయినది. సామాన్యముగా జరుగు చికిత్సల ఖర్చు ఈ పరిమితులకు చాల దిగువననే యుండును. పైకప్పును ఎంత ఎత్తున కట్టినను, గోడలలోని కంతలనుండి వాన కొట్టుచునే యుండును. ఆ కంతలు బయటిరోగి పరీక్షలు, నిత్యము వాడు మందులు. దేశమున మొత్తము వైద్యవ్యయములో జనులు సొంతజేబునుండి పెట్టునది, ప్రభుత్వపు లెక్కల ప్రకారమే, 2013-14లో 64.2 శాతముండి 2021-22 నాటికి 39.4 శాతమునకు తగ్గినది. సంతోషమే; ఐనను ఆ మిగిలినదానిలో పెద్దపాలు ఈ మందులకే పోవుచున్నది.

కావున ఉభయ ప్రభుత్వములకును విన్నపమిది. బీమాకార్డును ప్రాథమికకేంద్రమునకు, అచ్చటి మందుల గదికి వర్తింపజేయుడు. చెల్లింపులలో ప్రభుత్వాసుపత్రులకు న్యాయమైన వాటా నిచ్చి వానిని నిలబెట్టుడు. బకాయిలను గడువులోపల తీర్చుడు. ఏటేట ఎన్ని ఆపరేషన్లు చేయించితిమని ప్రకటించుట చాలదు. చికిత్స పొందిన రోగులలో కొందరిని జిల్లాకొకచోట ఇండ్లకు పోయి విచారించి, వారు సొంతముగా పెట్టిన రూపాయలెన్నో, అందులకు చేసిన అప్పెంతో అచ్చువేసి ప్రజలముందుంచుడు. ఆ అంకె తగ్గుచున్నంతకాలము పథకము ఫలించుచున్నట్లు. తగ్గనినాడు, పరిమితి ఎన్ని లక్షలైనను, ఫలింపనట్లే.